థియొడోర్ బిల్‌రోత్ జీవితము

మహనీయుల చరిత్రములు చదువునపుడు మనము సాధారణముగా వారి విజయములనే జ్ఞాపకముంచుకొందుము. తమ యపజయములను దాచక చెప్పి లోకమున కుపకారము చేసినవారును గలరు. శస్త్రవైద్యుడైన థియొడోర్ బిల్‌రోత్ అట్టివాడు. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

బిల్‌రోత్ 1829వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీని, ప్రష్యా దేశమునకు చేరిన రూగెన్ ద్వీపమునందలి బెర్గెన్ పట్టణమున జన్మించెను. తండ్రి పాదిరి, బాలునికి ఐదేండ్ల ప్రాయముననే ఆయన క్షయవ్యాధిచే గతించెను. బడిలో బిల్‌రోత్ చురుకైన విద్యార్థి కాడు. పాఠములకంటె సంగీతముపై మక్కువ మెండు. పెద్దల ప్రేరణచే వైద్యవిద్యయందు ప్రవేశించి, గ్రైఫ్స్‌వాల్డ్, గెట్టింగెన్, బెర్లిన్ నగరములందు చదివి, 1860లో జూరిచ్‌లోను, 1867లో వియన్నాలోను శస్త్రవైద్యాచార్యు డయ్యెను. సంగీతమును మాత్రము విడువలేదు. సుప్రసిద్ధుడైన బ్రామ్స్ ఆయనకు ప్రాణమిత్రుడు.

ఆ కాలమున పలువురు వైద్యులు బ్రదికిన రోగుల సంగతులే ప్రకటించుచుండిరి. బిల్‌రోత్ జూరిచ్‌లో తాను చికిత్స చేసినవారి ఫలితములను, మరణించినవారి లెక్కతో గూడ, గ్రంథముగా ప్రచురించెను.

జీర్ణాశయమున రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టినచో నాడు చికిత్స లేదు. పుండు పట్టిన భాగమును కోసి తీయుటకు 1879లో పారిస్‌లో పెయాన్, 1880లో రిడిగియర్ అను వైద్యులు ప్రయత్నించిరి. ఇరువురి రోగులును బ్రదుకలేదు. 1881వ సంవత్సరము జనవరి 29వ తేదీని వియన్నాలో బిల్‌రోత్ 43 ఏండ్ల స్త్రీకి ఈ శస్త్రచికిత్స చేసెను. రోగపు భాగమును తీసివేసి, మిగిలిన జీర్ణాశయమును ప్రేగునకు కలిపి కుట్టెను. ఆమె కోలుకొని ఆహారము తినెను, వైద్యలోకము ఆశ్చర్యపడెను. కాని నాలుగు నెలలు నిండకముందే వ్యాధి మరల వ్యాపించి ఆమె మరణించెను. కుట్లు నిలిచినవి, ప్రాణము నిలువలేదు.

దీనికి కారణమేమని మన విద్యార్థులు అడుగవచ్చును. శరీరమున లింఫు అను తేటరసమును కొనిపోవు సన్నని నాళములు గలవు. వాని దారిలో చిక్కుడు గింజలవంటి చిన్న గ్రంథులుండును. రాచపుండు కణములు జీర్ణాశయపు గోడనుండి ఈ దారిని పోయి గ్రంథులలో నిలిచి పెరుగును. అచటినుండి దూరపు అవయవములకును ప్రాకగలవు. బిల్‌రోత్ శిష్యుడైన మిక్యులిచ్, జీర్ణాశయముతోపాటు ఆ గ్రంథులను గూడ తీయవలెనని 1898లో బోధించెను. పిదప జపాను వైద్యులు 1962లో ఆ గ్రంథుల స్థానములకు సంఖ్యలిచ్చి నియమావళిని ఏర్పరచిరి.

నేడు శస్త్రచికిత్సలో తీసిన గ్రంథులను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా పరీక్షింతురు. వ్యాధి సోకిన గ్రంథులు 1 లేక 2 అయినచో మొదటి తరగతి, 3 మొదలు 6 వరకు రెండవది, 7 మొదలు ఆపైన మూడవది. తరగతి పెరిగినకొలది రోగి దీర్ఘకాలము జీవించు ఆశ తగ్గును. కనీసము 16 గ్రంథులను చూడవలెనని నియమము. కొన్నిటిని మాత్రమే చూచినచో దాగిన వ్యాధి కంటబడదు; అప్పుడు రోగికి లేని ధైర్యము చెప్పినట్లగును, కావలసిన మందును ఈయక పోవుటయు సంభవించును.

బిల్‌రోత్ 1882లో వియన్నాయందు పరిచారికలకు శిక్షణమిచ్చు ఆసుపత్రిని స్థాపించుటకు పాటుపడెను. 1894వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని ఆడ్రియాటిక్ తీరమందలి అబ్బాట్సియాలో పరమపదించెను. ఆయన కనిపెట్టిన కుట్టు పద్ధతులు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి.

ఆ స్త్రీ నాలుగు నెలలకే మరణించెనన్న సంగతి మరుగుపడియుండినచో, తరువాతివారు వ్యాధి పోయిన దారిని వెదకుట ఆలస్యమై యుండెడిది. మన విద్యార్థులును తమ లెక్కలలో తప్పిన వానిని తుడిచివేయక వ్రాయుట నేర్చుకొందురుగాక యని కోరుచున్నాము.