విల్‌హెల్మ్ మేబాక్

వేసవి మధ్యాహ్నాలలో అమీర్‌పేట కూడలి నుంచి పంజాగుట్ట వరకు వాహనాలు నత్తనడక నడుస్తుంటాయి. ఆ వరుసలో ఏదో ఒక పాత కారు ముందుభాగం నుంచి తెల్లని ఆవిరి చిమ్ముతూ దారి పక్కన నిలిచిపోవడం నగరవాసులకు పరిచితమైన దృశ్యమే. ఇంజనును చల్లబరచవలసిన నీరు తానే మరిగిపోయిందని దాని అర్థం. మోటారు వాహనం పుట్టిన తొలినాళ్లలో ఇది నిత్యకృత్యంగా ఉండేది. ఆ అవస్థ నుంచి వాహనాన్ని గట్టెక్కించినవారిలో అగ్రగణ్యుడు జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్.

మేబాక్ 1846 ఫిబ్రవరి 9న హైల్‌బ్రాన్ పట్టణంలో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. పదేళ్ల ప్రాయానికే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయాడు. రాయిట్లింగెన్‌లో గుస్తావ్ వెర్నర్ అనే మతబోధకుడు నిర్వహిస్తున్న ఆశ్రమం ఆ అనాథ బాలుణ్ణి చేరదీసింది. ఆశ్రమానికి అనుబంధంగా ఒక యంత్రశాల ఉండేది. దాని నిర్వాహకుడుగా వచ్చిన గొట్లీబ్ డైమ్లర్ ఈ యువకుని చిత్రరచనా నైపుణ్యాన్ని గుర్తించి తన సహాయకునిగా చేసుకున్నాడు. డైమ్లర్ అతనికంటె పన్నెండేళ్లు పెద్ద. వారి స్నేహం డైమ్లర్ మరణించిన 1900 వరకు చెక్కుచెదరలేదు.

1882లో వారిద్దరూ కాన్‌స్టాట్‌లో డైమ్లర్ ఇంటి తోటలోని గాజుగదిని ప్రయోగశాలగా మార్చుకున్నారు. 1885లో అక్కడే ఇంజను అమర్చిన ద్విచక్రవాహనం సిద్ధమైంది. ఇంజను చిన్నదైనంతకాలం వేడి పెద్ద సమస్య కాలేదు. శక్తి పెరిగేకొద్దీ చిక్కు మొదలైంది. ఇంధనం మండినప్పుడు పుట్టే శక్తిలో కొంత భాగమే చక్రాలను తిప్పుతుంది. అధికభాగం వేడిగా మారిపోతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే ఇంజనులోని లోహభాగాలు ఒకదానితో ఒకటి బిగుసుకుపోతాయి. 1889లో తయారుచేసిన ఉక్కుచక్రాల బండిలో మేబాక్ ఒక చమత్కారం చేశాడు. బండి చట్రానికి వాడిన గొట్టాలలోనే చల్లబరచే నీటిని ప్రవహింపజేశాడు. తేలికపాటి బండికి ఆ ఏర్పాటు సరిపోయింది. బరువైన కార్లకు సరిపోలేదు. 1897లో సన్నని గొట్టాలతో కూడిన రేడియేటరును రూపొందించాడు.

ఇంతలో ఒక విషాదం సంభవించింది. 1900 మార్చి 30న ఫ్రాన్సులోని నీస్ నగరం దగ్గర జరిగిన కొండదారి పందెంలో డైమ్లర్ కంపెనీ ఉద్యోగి విల్‌హెల్మ్ బావర్ నడుపుతున్న కారు రాతిగోడను ఢీకొంది. అతడు మరణించాడు. కారు మరీ ఎత్తుగా, ముందుభాగం మరీ బరువుగా ఉండడమే కారణమని పలువురు భావించారు. కంపెనీ కార్లను విక్రయించే ఎమిల్ యెలినెక్ పట్టు వదలలేదు. తాను కోరిన రీతిలో తక్కువ ఎత్తు, ఎక్కువ వెడల్పు, మరింత శక్తి కలిగిన సరికొత్త కారు కావాలని, అలాంటివి 36 కొంటానని చెప్పాడు. వాటి వెల 5,50,000 మార్కులు.

బరువు తగ్గాలి, శక్తి పెరగాలి. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది, వేడికి నీరు కావాలి, నీరు బరువు. ఈ విషమవలయాన్ని మేబాక్ ఛేదించిన తీరు ప్రశంసనీయం. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలను 8,070 పక్కపక్కన పేర్చి అతికించాడు. గొట్టాల గుండా గాలి, వాటి మధ్య సందుల గుండా నీరు ప్రవహించేవి. నీటికీ గాలికీ మధ్య స్పర్శతలం ఎన్నో రెట్లు పెరగడంతో 18 లీటర్ల నీటికి బదులు 9 లీటర్లే చాలాయి. తేనెపట్టును తలపించడం వల్ల దానికి ఆ పేరే వచ్చింది. తేనెటీగల గదులకు ఆరు పలకలుంటాయి, ఇవి నలుపలకలు; అయినా పేరు నిలిచిపోయింది. బండి మెల్లగా నడిచేటప్పుడు కూడా గాలి అందేలా రేడియేటరు వెనుక ఒక ఫ్యాను అమర్చాడు. పంజాగుట్ట రద్దీలో నేటి కార్లను కాపాడేది ఈ ఆలోచనే.

నేటి మెకానిక్కు చేసే రోగనిర్ణయం కూడా ఈ నిర్మాణాన్నే అనుసరిస్తుంది. నిలిచినప్పుడు వేడెక్కి, వేగం పుంజుకోగానే చల్లబడితే లోపం ఫ్యానులో ఉందని అనుమానించాలి. వేగంగా పోతున్నప్పుడే వేడెక్కితే రేడియేటరు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా ఇంజనుకు అది చాలకపోవచ్చు. పాత జీపుకు పెద్ద ఇంజను బిగించి రేడియేటరును మార్చనివారికి ఈ అనుభవం తప్పదు. అలాంటి బండ్లలో ఇంజను ఒక కంపెనీది, వేడిని చూపే మీటరు మరొకదానిది కావడం వల్ల ముల్లు అబద్ధం చెప్పడమూ కద్దు. అందుచేత ముందు మీటరును పరీక్షించాలి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత మాత్రం తీయరాదు. సలసల కాగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

35 అశ్వశక్తి గల ఆ కారు 1901 మార్చిలో నీస్ పందేలలో ఘనవిజయం సాధించింది. దానికి యెలినెక్ తన కుమార్తె పేరు పెట్టాడు. ఆ పేరు మెర్సిడెస్. నిర్మించినవాని పేరు దానిమీద ఎక్కడా లేదు. ఫ్రెంచివారు మాత్రం మేబాక్‌ను నిర్మాతలకు రాజుగా కీర్తించారు. సొంత కంపెనీలో అతని ప్రాధాన్యం క్రమేణా తగ్గించారు. 1907లో అతడు అక్కడినుంచి వైదొలగాడు. రెండేళ్లకు, కుమారుడు కార్ల్ సాంకేతిక సారథిగా, జెప్లిన్ ఆకాశనౌకలకు ఇంజన్లు తయారుచేసే సంస్థ ఏర్పడింది. 1916లో స్టట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయం మేబాక్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1929 డిసెంబరు 29న మరణించిన అతణ్ణి, డైమ్లర్ విశ్రమించిన కాన్‌స్టాట్ శ్మశానవాటికలోనే ఖననం చేశారు.