బుస్సీ దొర

బొబ్బిలి యుద్ధకథను వినని తెలుగువాడుండడు. జంగములు ఆ కథ పాడగా విన్నవారెల్లరు తాండ్ర పాపారాయుని మెచ్చుకొని, బుస్సీని పరాయి క్రూరునిగా తలంచి ఊరకుందురు. ఆ దొర ఎచ్చటినుండి బొబ్బిలికి వచ్చెను, తుదకేమయ్యెను అను ప్రశ్నలకు సమాధానము మన మిపుడు నివసించుచున్న పుదుచ్చేరి యందే కలదు. నేడు లాల్ బహదూర్ శాస్త్రి పేరు వహించిన వీధియే పూర్వపు బుస్సీ వీధి.

బుస్సీ 1720 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జన్మించి, యౌవనముననే సైనికోద్యోగియై ఈ దేశమునకు వచ్చెను. ఆనాటి పుదుచ్చేరి, చెన్నపట్నముల స్థితి గ్రీకుల ఎథెన్సు, స్పార్టాల స్థితివంటిది. ఇరుపట్టణముల నడుమ దూరము సుమారు నూఱు మైళ్ళు మాత్రమే. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నమును పట్టుకొనిరి. 1748లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని ముట్టడించి విఫలులైరి. ఐరోపాలో సంధి కుదిరిన పిమ్మట నేరుగా పోరాడు వీలులేక, ఇరువురును దేశీయ నవాబుల వారసత్వపు తగవులలో దూరిరి. గ్రీసునందును ఎపిడామ్నసు అను చిన్న పట్టణమును గూర్చి కొరింతు, కోర్సైరాలకు కలిగిన తగవే ఎథెన్సు, స్పార్టాల మహాసంగ్రామమునకు ఒక కారణమైనది గదా!

డూప్లే దొర పుదుచ్చేరికి గవర్నరుగా నుండగా బుస్సీ కీర్తి వెలసెను. 1750 సెప్టెంబరులో మూడుకొండల చెంజికోటను అతడు ఒక్క రాత్రిలో వశపఱచుకొనెను. మఱుసటి యేడు నూతన నిజాము ముజఫర్ జంగునకు తోడుగా దక్కనునకు బయలుదేఱెను. దారిలో కడప సీమయందు ముజఫర్ జంగు హతుడు కాగా, బుస్సీ క్షణమైన తడయక సలాబత్ జంగును గద్దెనెక్కించెను. అది మొదలు ఏడేండ్లు హైదరాబాదు, ఔరంగాబాదులయందు అతని మాటకు ఎదురులేకుండెను.

అతని బుద్ధిసూక్ష్మత యుద్ధమునందు కంటె జీతముల విషయమున నెక్కువగా కానవచ్చుచున్నది. జీతమందని సిపాయి ఎంతటి సేనానికైనను నిలువడు. ఒకటవ తేదీకై ఎదురుచూచు మనవంటి ఉద్యోగులకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. బుస్సీ నిజాము బొక్కసమును నమ్ముకొనక, 1753లో సేనావ్యయమునకై కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను వ్రాయించుకొనెను. గోదావరీ కృష్ణా మండలముల శిస్తు ఫ్రెంచి తుపాకులను మోయసాగెను.

1756లో నిజాము కొలువునందలి విరోధులు బుస్సీని తొలగింపజూచిరి. అతడు హైదరాబాదున చార్‌మహలులో చేరి నిలిచి, మరల సంధి కుదుర్చుకొని, శిస్తు చక్కబెట్టుటకై సర్కారులకు వెడలెను. విజయనగర ప్రభువు విజయరామరాజు అతనికి మిత్రుడు. బొబ్బిలి రంగారావునకు బద్ధశత్రువు. బొబ్బిలివారు తమ కోటను విడిచి మఱియొక చోటికి పోవలెనని ఆజ్ఞ పుట్టెను. వెలమదొరలకు అది ప్రాణముకంటె మానమునకు సంబంధించిన విషయము. 1757 జనవరి 24న ఫిరంగులు మట్టిగోడలను బద్దలుకొట్టెను. లోనివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే సంహరించి, పోరాడి మడిసిరి. రంగారావు కుమారుడైన పసిబాలుడు మాత్రము బ్రతికి బయటపడెను. లోపల ప్రవేశించిన విజేతలు ఆ దృశ్యమును చూచి నిశ్చేష్టులైరట! కొలది రాత్రులలోనే పాపారాయుడు విజయరామరాజును అతని గుడారముననే పొడిచి చంపెను.

చరిత్రకారులు చాలమంది ఇచ్చట కథను ముగింతురు. నా దృష్టిలో అసలు ఫలితము ఇచ్చటనే ఆరంభమగుచున్నది. బుస్సీ అదే యేట ఇంగ్లీషువారి విశాఖపట్నమును పట్టుకొనెను గాని, అతని పక్షమున నిలిచిన విజయరామరాజు లేడు. వారసుడైన ఆనందరాజు ఫ్రెంచివారి యేర్పాట్లయందు అసంతుష్టుడై, 1758లో విశాఖను వశపఱచుకొని ఇంగ్లీషువారికి కబురంపెను. క్లైవు వంగదేశమునుండి ఫోర్డును పంపెను. అప్పటికే పుదుచ్చేరికి క్రొత్తగా వచ్చిన లాలీ, చెన్నపట్నముపై సర్వశక్తులను ఒడ్డదలచి, బుస్సీని దక్కనునుండి వెనుకకు పిలిపించెను. ఆ డిసెంబరుననే పిఠాపురము చేరువ చెందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్నము పోయెను. తప్పంతయు లాలీపై మోపుట వాడుక. అతడు ముక్కోపి, మొండివాడు, నిజమే. కాని ఆనందరాజును పిలిచినది లాలీ కాదు, బొబ్బిలిలో రగిలిన నిప్పు.

సర్కారుల శిస్తు లేక పుదుచ్చేరి బొక్కసము ఎండెను. లాలీ చెన్నపట్నపు ముట్టడి విఫలమయ్యెను. 1760 జనవరి 22న వందవాసి యుద్ధమున ఇంగ్లీషువారు బుస్సీని బందీగా పట్టుకొనిరి. పిమ్మట పుదుచ్చేరిని దిగ్బంధించిరి. డూప్లేకు దుబాసియై, కస్తూరి రంగకవిచే తెలుగున ఆనందరంగరాట్ఛందమును అంకితము పొందిన ఆనందరంగ పిళ్ళె, 1761 జనవరి 12న మరణించెను. నాలుగు దినములకే నగరము లొంగిపోయెను. క్రీస్తు పూర్వము 404లో స్పార్టావారు ఎథెన్సు గోడలను కూల్పించినట్లు, ఇంగ్లీషువారు ఇచ్చటి కోటను, నగరమును నేలమట్టము గావించిరి. మూడేండ్ల క్రిందట లాలీ కడలూరు యొద్ద తమ కోటను కూల్చినందులకు అది ప్రతీకారము. లాలీకి 1766లో స్వదేశముననే శిరచ్ఛేదము జరిగెను.

బుస్సీ మాత్రము ధనికుడై ఫ్రాన్సున సుఖించెను. 1783లో, అఱువదియేండ్లు దాటిన పిమ్మట, మరల ఫ్రెంచి సేనాధిపతియై వచ్చెను. పూర్వపు చుఱుకుదనము లేదు. కడలూరు కడ జూనులో యుద్ధము జరుగుచుండగనే ఐరోపా సంధివార్త వచ్చెను. అతడు మరల తెలుగుసీమను చూడలేదు. 1785 జనవరిలో ఈ పుదుచ్చేరి యందే కన్నుమూసెను.