పాత కారు నేర్పిన విద్య

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. కొత్త గుడి కట్టించడం ఎంత గొప్ప పనో, కూలిపోతున్న గుడిని నిలపడం కూడా అంత గొప్ప పనిగా భావించారు. చెదలు తిన్న తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుని శ్రమ సైతం ఇటువంటిదే. చెరిగిపోయిన అక్షరాన్ని పూరించాలంటే కవి హృదయం తెలిసి ఉండాలి. పాడైన యంత్రాన్ని బాగుచేసేవానికీ ఇదే నియమం వర్తిస్తుంది. మొదట దానిని నిర్మించినవాడు ఏ భాగాన్ని ఎందుకు అలా అమర్చాడో గ్రహించనిదే మరమ్మతు సాధ్యం కాదు. తండ్రి షెడ్డులో ఒక పాత స్పోర్ట్స్ కారును బాగుచేసే పనిలో ఈ విద్యకు శ్రీకారం చుట్టి, చివరకు తన పేరు గల కార్లను నిర్మించి, వాటిని స్వయంగా నడిపి, ప్రపంచ పోటీలలో విజయం సాధించిన వ్యక్తి బ్రూస్ మెక్‌లారెన్.

బ్రూస్ 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్ దేశంలోని ఆక్లండ్ నగరంలో జన్మించాడు. తండ్రి లెస్, తల్లి రూత్. ఆ నగరంలోని రెముయేరా ప్రాంతంలో వారికి ఒక పెట్రోలు బంకు, దానికి అనుబంధంగా వాహనాల మరమ్మతు షెడ్డు ఉండేవి. లెస్ యౌవనంలో మోటారు సైకిలు పందాలలో పాల్గొన్నవాడు. అందువల్ల ఆ ఇంట్లో యంత్రాల ముచ్చట్లకు కొదవ లేదు. పెట్రోలు వాసన, సుత్తి చప్పుడు, నూనె మరకలు అంటిన చేతులు బ్రూస్‌కు ఊహ తెలిసిన నాటినుండి పరిచితమైనవి.

ఆటపాటలతో గడవవలసిన ఆ బాల్యానికి తొమ్మిదవ ఏట పెద్ద ఆటంకం ఎదురైంది. బ్రూస్‌కు పెర్తిస్ వ్యాధి సోకినట్లు వైద్యులు నిర్ధారించారు. తొడ ఎముక పైభాగానికి రక్తప్రసరణ సరిగా అందక, ఆ ఎముక క్షీణించే వ్యాధి ఇది. చికిత్స కోసం అతనిని టకపూనాలోని విల్సన్ హోమ్ అనే బాలల వైద్యశాలలో చేర్చారు. కదలకుండా పడుకోవడమే ఆనాటి ప్రధాన చికిత్స. పరుగులు తీయవలసిన వయస్సులో అతడు నెలల తరబడి చక్రాలు గల మంచానికే పరిమితమయ్యాడు. వ్యాధి నయమైంది గాని, ఎడమ కాలు కురచగా మిగిలిపోయింది. ఆ కుంటి నడక అతనిని జీవితాంతం వదలలేదు. తోటి పిల్లలతో సమానంగా మైదానంలో పరుగెత్తడం అతనికి సాధ్యం కాలేదు. అయితే కారు తొక్కుడు పలకలపై పాదం మోపడానికి ఆ కురచ కాలు అడ్డు కాలేదు.

ఈ దశలోనే వారి షెడ్డుకు 1929 నాటి ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ కారు వచ్చింది. ఇంగ్లండులోని ఆస్టిన్ సంస్థ సామాన్య కుటుంబాల కోసం 1922లో ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారును రూపొందించింది. దానికి పందెపు రూపమే అల్‌స్టర్. ఇంజను పరిమాణం 747 సి.సి. మాత్రమే. ఎత్తు తక్కువ, బరువు తక్కువ. ఇద్దరు ఇరుక్కుని కూర్చోగల వాహనం అది. మెక్‌లారెన్ కుటుంబానికి చేరేసరికి ఆ కారుకు రెండు దశాబ్దాల వయస్సు దాటింది. తండ్రీకొడుకులు దానికి పూర్వవైభవం కలిగించే పనికి పూనుకున్నారు.

ఇటువంటి కారును పునరుద్ధరించడం సామాన్యమైన పని కాదు. ముందుగా కారునంతటినీ విడదీయాలి. విప్పిన ప్రతి నట్టునూ, బోల్టునూ గుర్తుపెట్టుకోవాలి. తుప్పును గీకి, మిగిలిన లోహం బరువు మోయగలదో లేదో చూడాలి. సిలిండరు లోపలి గోడ ఎంత అరిగిందో కొలవాలి. వాల్వులకు పట్టిన మసిని తొలగించి, అవి తమ స్థానాలలో గాలి చొరకుండా కూర్చునే వరకు నూరాలి. కమాను పట్టీలలో బీటలు వెదకాలి. ఆ కారు బ్రేకులు నూనె ఒత్తిడితో గాక, లాగే తీగలతో పనిచేసేవి. ఆ తీగల బిగువు సమంగా లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుతుంది. వీటిలో ఏ పనినీ తొందరపడి ముగించడానికి వీలులేదు. పైకి రంగు వేసి మెరిపించినంత మాత్రాన లోపలి లోపం దాగదు. దారి మధ్యలో, అదీ వేగంగా పోతున్నప్పుడే అది బయటపడుతుంది. ఈ సత్యాన్ని బ్రూస్ పుస్తకంలో చదువుకోలేదు. చేతులతో తెలుసుకున్నాడు.

1952లో ఆ ఆస్టిన్ కారుతోనే బ్రూస్ తన మొదటి పోటీలో పాల్గొన్నాడు. అది కొండదారిపై ఒక్కొక్క కారునూ విడిగా నడిపించి, కాలాన్ని లెక్కించే పోటీ. అప్పటికి అతడు ఇంకా కౌమారప్రాయంలోనే ఉన్నాడు. తరువాత ఫోర్డ్, ఆస్టిన్ హీలీ కార్లను దాటుకుంటూ కూపర్ కారు వరకు ఎదిగాడు. మరోవైపు ఆక్లండ్‌లోని కళాశాలలో ఇంజనీరింగు విద్యను కూడా అభ్యసించాడు.

ప్రతిభగల యువకులను ఐరోపాకు పంపడానికి న్యూజిలాండ్‌లో ఒక పథకం ఏర్పడింది. 1958లో దానికి ఎంపికైన మొదటివాడు బ్రూస్. అదే సంవత్సరం జర్మన్ గ్రాండ్ ప్రి పోటీలో, తనకంటె శక్తిమంతమైన కార్ల నడుమ చిన్న తరగతి కారును నడిపి అయిదవ స్థానం సాధించాడు. 1959లో కూపర్ సంస్థ జట్టులో చేరాడు. ఆ ఏడాది డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగ్‌లో జరిగిన గ్రాండ్ ప్రిలో విజేతగా నిలిచాడు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాల 104 రోజులు. గ్రాండ్ ప్రి గెలిచిన పిన్నవయస్కుడుగా ఆ ఘనత 2003 వరకు ఆయన పేరనే నిలిచింది. 1960 ప్రపంచ పోటీలలో ఆయనకు ద్వితీయ స్థానం లభించింది.

ఐరోపాలో పందాలు వసంతంలో మొదలై శరత్కాలంతో ముగుస్తాయి. మంచు కురిసే శీతకాలం షెడ్డులకు చేతినిండా పని ఉండే కాలం. ఏడాది పొడవునా దెబ్బతిన్న కార్లను విప్పి బాగుచేయడం, రాబోయే ఏడాదికి కొత్త కార్లను సిద్ధం చేయడం అప్పుడే జరుగుతాయి. భూగోళపు దక్షిణార్ధంలో ఉన్న న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాలలో అది వేసవి. అక్కడ పందాలు సాగే కాలం కూడా అదే. కాబట్టి బ్రూస్ ఏటా స్వదేశానికి వెళ్లి పోటీ చేసేవాడు. 1963 చివరలో అక్కడి టాస్మన్ పోటీల కోసం తాను కోరిన విధంగా కార్లు తయారు చేయడానికి కూపర్ యాజమాన్యం అంగీకరించలేదు. అప్పుడాయన సొంత సంస్థను స్థాపించి, తన ఆలోచన ప్రకారం రెండు కార్లను సిద్ధం చేయించాడు. 1964 ఆరంభంలో జరిగిన ఆ పోటీలలో ఆయనే విజేత. అయితే ఆ సంతోషం పూర్తిగా దక్కలేదు. రెండవ కారు నడిపిన టిమ్మీ మేయర్ అనే అమెరికన్ యువకుడు ఆస్ట్రేలియాలో అభ్యాస సమయంలో ప్రమాదానికి గురై మరణించాడు. అతని అన్న టెడ్డీ మేయర్ దుఃఖాన్ని దిగమింగి బ్రూస్ వెంటనే ఉండిపోయి, సంస్థకు వెన్నెముకగా నిలిచాడు.

ఇంగ్లండులోని న్యూ మాల్డెన్‌లో వారి తొలి కార్యస్థలం మట్టి నేల గల ఒక షెడ్డు. అక్కడికి 1964లో జెరెక్స్ స్పెషల్ అనే పాత కారు చేరింది. దాని చరిత్ర విచిత్రమైనది. అది మొదట కూపర్ గ్రాండ్ ప్రి కారు. 1961లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో ప్రమాదానికి గురై దెబ్బతిన్నది. రోజర్ పెన్స్కే అనే అమెరికన్ దానిని కొని స్పోర్ట్స్ కారుగా మార్చి అనేక పందాలు గెలిచాడు. శీతకాలంలో ఇంజనులోని నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం పేరు జెరెక్స్. ఆ ద్రవానికి ప్రచారం కల్పించినందువల్ల కారుకు ఆ పేరు స్థిరపడింది.

బ్రూస్ ఆ కారును కొని, మరింత శక్తిగల ఓల్డ్స్‌మొబైల్ ఇంజనును అమర్చదలిచాడు. ఆ శక్తిని పాత చట్రం తట్టుకోలేదని ఆయనకు తెలుసు. అందువల్ల కారు ముందు, వెనుక భాగాలను ఉంచి, నడిమి భాగాన్ని తొలగించి, ఉక్కు గొట్టాలతో కొత్త చట్రాన్ని కూర్పించాడు. టైలర్ అలెగ్జాండర్, వాలీ విల్మట్ అనే సహచరులు ఈ పనిలో రేయింబవళ్లు శ్రమించారు. పొగగొట్టాలను అందంగా మలిచే వ్యవధి కూడా లేకపోవడంతో అవి పైకి పొడుచుకునే ఉండిపోయాయి. ఆ రూపంతోనే కారు కెనడాలోని మోస్‌పోర్ట్ చేరి, 1964 జూన్‌లో పందెం గెలిచింది. పాత కారును బాగుచేస్తూ నేర్చుకున్న పాఠాల పునాదిపై, అదే సంవత్సరం వారి మొదటి సొంత స్పోర్ట్స్ కారు రూపుదిద్దుకొన్నది.

బ్రూస్ పరిశీలనాశక్తికి మరొక నిదర్శనం ఉంది. తొలినాటి కార్లలో ఒకదానిని పరీక్షిస్తున్నప్పుడు, ముందు భాగంలోని చిన్న మూత ఒకటి వేగం పెరిగేకొద్దీ పైకి లేచి కొట్టుకోవడం ఆయన గమనించాడు. ఎదురుగాలి ఒత్తిడికి అది మరింత గట్టిగా అణగి ఉండాలి. కాని లోపలి గాలి దానిని పైకి నెట్టుతున్నది. వెంటనే కారు ఆపి, కత్తెర తీసుకొని, రేడియేటరు వెనుక పై రేకును కోయించాడు. లోపల చిక్కుకున్న గాలికి దారి దొరికింది. కారు వేగం పెరిగింది. ముక్కుపుటాల వంటి ఆ రంధ్రాలు తరువాతి మెక్‌లారెన్ కార్లకు ఆనవాలుగా మారాయి. పనిచేయని దానిని పారవేయడం గాక, అది ఎందుకు అలా ప్రవర్తిస్తున్నదని ప్రశ్నించడమే ఆయన పద్ధతి.

తరువాతి సంవత్సరాలు విజయపరంపరతో గడిచాయి. 1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డ్ కారులో, ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం గెలిచాడు. 1968 జూన్ 9న బెల్జియన్ గ్రాండ్ ప్రిలో తన పేరు గల కారుతో తానే విజయం సాధించాడు. ఉత్తర అమెరికాలోని కాన్-యామ్ పోటీలలో 1967, 1969 సంవత్సరాలలో ఆయన, 1968లో సహచరుడు డెనీ హల్మ్ విజేతలయ్యారు. 1969లో జరిగిన 11 పందాలనూ వారిద్దరే గెలిచారు. ఇన్ని విజయాలు లభించినా, కొత్త కారును పోటీకి పంపేముందు తానే నడిపి పరీక్షించే అలవాటును బ్రూస్ మానలేదు.

1970 జూన్ 2న ఇంగ్లండులోని గుడ్‌వుడ్ మైదానంలో ఆయన ఎమ్8డి అనే కొత్త కారును పరీక్షిస్తున్నాడు. అతివేగంగా పోతుండగా కారు వెనుక భాగపు కప్పు ఊడి ఎగిరిపోయింది. కారును నేలకు అదిమి ఉంచే గాలి ఒత్తిడి ఒక్కసారిగా తొలగింది. అదుపు తప్పిన కారు రోడ్డు పక్కనున్న కట్టడాన్ని ఢీకొన్నది. బ్రూస్ అక్కడికక్కడే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు మాత్రమే. ఒకనాడు చిన్న మూతను కదిలించి రహస్యం బోధించిన గాలియే, ఈనాడు పెద్ద కప్పును పెకలించి ప్రాణం బలిగొన్నది.

సంస్థ కూడా ఆయనతో అంతరిస్తుందని అనుకోవడం సహజం. డెనీ హల్మ్ చేతులు అంతకుముందు నెలలోనే ఇండియానాపొలిస్‌లో కాలిపోయి ఉన్నాయి. అయినా పన్నెండు రోజులు గడిచేసరికి, జూన్ 14న, ఆ జట్టు మోస్‌పోర్ట్‌లో పోటీకి దిగింది. డాన్ గర్నీ ఆ పందెం గెలిచాడు. గాయాలు మానని చేతులతోనే హల్మ్ కూడా కారు నడిపాడు. ఆ సంవత్సరం జరిగిన పది పందాలలో తొమ్మిదింటిని ఎమ్8డి కార్లే గెలవగా, హల్మ్ విజేతగా నిలిచాడు. లోపం తెలుసుకోవడం, సరిదిద్దడం, తిరిగి దారి పట్టడం అనే విద్యను బ్రూస్ తనవారికి అప్పటికే నేర్పి ఉన్నాడు. 1974లో ఆ సంస్థ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయింది. అర్ధ శతాబ్దం తరువాత, 2024లో, నిర్మాతల విభాగంలో మళ్లీ ఆ గౌరవం పొందింది.

బ్రూస్ తొలి పోటీలో నడిపిన ఆస్టిన్ సెవెన్ కారును మెక్‌లారెన్ సంస్థ భద్రపరచింది. గంటకు మూడువందల కిలోమీటర్లు దాటిన వాహనాల సరసన, 747 సి.సి. ఇంజను గల ఆ చిన్న బండికి చోటు కల్పించింది. ఆ వాహనాలన్నిటికీ ఓనమాలు నేర్పిన బండి అదే.

ప్రశ్నలు

1. జీర్ణోద్ధరణకు, యంత్రాల మరమ్మతుకు గల పోలికను వివరించండి.
2. పాత కారును పునరుద్ధరించడంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
3. జెరెక్స్ స్పెషల్ కారు చరిత్రను సంగ్రహంగా రాయండి.
4. బ్రూస్ మరణానంతరం ఆయన జట్టు ప్రదర్శించిన ధైర్యాన్ని తెలపండి.
5. వేగంలో గాలి పాత్రను పాఠంలోని రెండు సంఘటనల ఆధారంగా చర్చించండి.