మొసలి పాట రాసిన కుర్రాడు

‘సీ యూ లేటర్, ఆలిగేటర్’ అని మనం సరదాగా బై చెప్పుకుంటాం కదా. ఆ మాటని ప్రపంచమంతా తిప్పిన పాట రికార్డు చేసేనాటికి బాబీ చార్ల్స్‌కి పదిహేడేళ్ళు. అంటే మనం ఎంసెట్ కోచింగ్‌లో ఉన్న వయసు.

అసలు పేరు రాబర్ట్ చార్ల్స్ గిడ్రీ. 1938లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, ఆబివిల్ అనే ఊళ్ళో పుట్టాడు. అతనిది కేజన్ కుటుంబం. 18వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ళు కెనడా వైపు నుంచి తరిమేస్తే లూసియానాలో స్థిరపడ్డ ఫ్రెంచ్ వాళ్ళ సంతతే కేజన్లు. ఒకప్పుడు అక్కడి బళ్ళలో ఫ్రెంచ్ మాట్లాడితే పిల్లల్ని శిక్షించేవారు. (తెలుగు మాట్లాడి ఫైన్ కట్టినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.) ఆ కేజన్ పాటల్లో న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్ళ బ్లూస్ కలిసి పుట్టిందే స్వాంప్ పాప్.

ఒక రాత్రి హోటల్లోంచి వెళ్తూ బాబీ ఫ్రెండ్‌కి ఆ ఆలిగేటర్ మాటతోనే బై చెప్పాడు. అక్కడున్న ఒకమ్మాయి మొసలితో ప్రాస కలిపి జవాబిచ్చింది. పాట వచ్చేసింది. దాన్ని షికాగోలోని చెస్ రికార్డ్స్ ఓనర్ లియోనార్డ్ చెస్‌కి ఫోన్లోనే పాడి వినిపించాడు. మడ్డీ వాటర్స్, చక్ బెర్రీ పాడిన కంపెనీ అది. గొంతు విని ఇతనూ నల్లవాడే అనుకుని కాంట్రాక్ట్ ఇచ్చారు. తీరా ఎదురుగా వచ్చింది తెల్ల కుర్రాడు! నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ బస్సుల్లో సీట్లు కూడా వేరుగా ఉన్న రోజుల్లో, ఆ గాయకులతో కలిసి ఊరూరా తిరిగాడు.

1955లో రికార్డు వచ్చింది. కానీ మరుసటి ఏడాది బిల్ హేలీ పాడిందే పెద్ద హిట్. నాకైతే బాబీ పాడిందే ఇష్టం. హేలీది పరుగు, బాబీది తాపీ నడక.

తర్వాతా అదే కథ. ఫ్యాట్స్ డామినో న్యూ ఆర్లీన్స్‌కి రమ్మంటే, కారు లేదు, నడిచే రావాలన్నాడట. ఆ మాటే ‘వాకింగ్ టు న్యూ ఆర్లీన్స్’ అయింది. 1960లో డామినో పాడితే అదీ హిట్. మరుసటి ఏడాది క్లారెన్స్ హెన్రీ పాడిన ‘బట్ ఐ డూ’ కూడా బాబీ రాసిందే. ‘ఫారెస్ట్ గంప్’ చూసినవాళ్ళు ఆ పాట వినే ఉంటారు.

విచిత్రమేంటంటే, బాబీకి ఏ వాయిద్యమూ రాదు, నొటేషన్ చదవడమూ రాదు. పాట మొత్తం తలలోనే. స్టేజి ఎక్కడం, టూర్లు తిరగడం అతనికి పెద్దగా పడలేదు. 1972లో వుడ్‌స్టాక్‌లో ద బ్యాండ్ వాళ్ళతో కలిసి చేసిన ఆల్బం అప్పట్లో అమ్ముడుపోలేదు. దయచేసి వినండి, రాత్రి కోడింగ్ చేసేటప్పుడు బాగుంటుంది.

తొంభైల్లో ఇల్లు కాలిపోయింది. 2005లో రీటా తుఫాను సముద్రం పక్కనున్న ఇంకో ఇంటిని తుడిచిపెట్టేసింది. మళ్ళీ ఆబివిల్‌కే చేరాడు. 2010 జనవరిలో అక్కడే పోయాడు. చివరి ఆల్బం ‘టైమ్‌లెస్’ అప్పటికే రెడీగా ఉంది. అతను పోయాక విడుదలైంది.