నీలిరంగు వైద్యుడు పాల్ ఎర్లిక్

ఈసారి నేను పాల్ ఎర్లిక్ అనే మహానుభావుని జీవితం రాస్తున్నాను. బట్టలకు అద్దే రంగును మనిషికి మందుగా వాడి చూసిన శాస్త్రజ్ఞుడు ఆయన.

ఎర్లిక్ 1854 మార్చి 14న స్ట్రెలెన్ అనే చిన్న ఊరిలో ఒక యూదుల కుటుంబంలో పుట్టాడు. అప్పుడు ఆ ఊరు ప్రష్యా రాజ్యంలో ఉండేది. ఇప్పుడు పోలండు దేశంలో ఉంది. పరీక్షలంటే ఆయనకు అసలు గిట్టేది కాదట! కానీ రంగులంటే ప్రాణం. ఆయన బంధువు కార్ల్ వీగర్ట్ అనే డాక్టరు, రంగులు వేసి సూక్ష్మదర్శినిలో క్రిములను చూసేవాడు. అది చూసి ఎర్లిక్‌కు కూడా అదే పిచ్చి పట్టింది. వైద్యం చదివే రోజుల్లో ఆయన కూర్చునే బల్ల నిండా రంగు మరకలే ఉండేవట.

ఆ కాలంలో జర్మనీలో బొగ్గు తారు నుండి రంగులు తయారు చేసే ఫ్యాక్టరీలు చాలా వచ్చాయి. 1876లో హైన్రిక్ కారో అనే రసాయన శాస్త్రవేత్త మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును తయారు చేశాడు. అది నూలు బట్టల కోసం చేసిన రంగు. బుగ్గ లోపలి కణాలను సూక్ష్మదర్శినిలో చూసేటప్పుడు సైన్సు గదిలో సారు ఒక చుక్క వేసేది ఇదే.

ఎర్లిక్ 1878లో డాక్టరు పట్టా పొందాడు. ఆయన కనిపెట్టిన పెద్ద విషయం ఏమిటంటే, శరీరంలోకి వెళ్లిన రంగు అన్నిచోట్లా ఒకేలా అంటుకోదు. ఒక్కో రంగు ఒక్కో భాగాన్ని ఎంచుకుంటుంది. 1885లో ఆయన కొన్ని రంగులను జంతువుల శరీరంలోకి ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది గానీ మెదడుకు మాత్రం పట్టలేదు. మెదడు చుట్టూ ఒక కాపలా ఉంటుందనీ, రక్తంలోని ప్రతి పదార్థాన్నీ అది లోపలికి రానివ్వదనీ తరువాతి శాస్త్రవేత్తలు తెలుసుకున్నారు. అయితే మిథిలీన్ బ్లూ మాత్రం బతికున్న జంతువుల నరాలకు పట్టుకుంటుందని ఎర్లిక్ 1886లో చూపించాడు.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రంగు నరానికి పట్టుకుంటే నరాల నొప్పి తగ్గించవచ్చు కదా అని. 1890లో లెప్‌మన్ అనే డాక్టరుతో కలిసి రోగులకు ఇచ్చి చూశాడు. మలేరియా క్రిమికి కూడా ఈ రంగు బాగా పడుతుంది. అందుకని 1891లో బెర్లిన్‌లో పాల్ గుట్‌మన్‌తో కలిసి ఇద్దరు మలేరియా రోగులకు ఇదే ఇచ్చాడు. ఇద్దరికీ జ్వరం తగ్గింది. క్వినైన్ ఇంకా బాగా పనిచేసేది కాబట్టి మిథిలీన్ బ్లూ ఎక్కువగా వాడుకలోకి రాలేదు. కానీ చలిజ్వరం వచ్చినప్పుడు మన వేలు గుచ్చి గాజు పలక మీద తీసే రక్తపు చుక్కకు ల్యాబులో వేసే రంగుల్లో ఇప్పటికీ ఇది ఉంది.

ఎర్లిక్‌కు కష్టాలు తక్కువ కాదు. టీబీ క్రిమికి మంచి రంగు కనిపెట్టిన ఆయనకే టీబీ వచ్చింది. ఈజిప్టు వెళ్లి, కొంత తేరుకొని వచ్చాడు. యూదుడు అయినందున పెద్ద ఉద్యోగాలు రావడం కష్టమైంది. అయినా పని వదలలేదు. రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1909లో జపాను శాస్త్రవేత్త హటాతో కలిసి, 606 అనే నంబరు వేసిన మందు సిఫిలిస్ రోగం మీద పనిచేస్తుందని కనుగొన్నాడు. ఆ రోగం ముదిరితే మెదడు దాకా పాకి మతి చెడగొట్టేది. అంతకుముందు ఆ 606 పనికిరాదని పక్కన పెట్టేశారు. ఎర్లిక్ దాన్ని మళ్లీ పరీక్ష చేయించబట్టే బయటపడింది.

1915 ఆగస్టు 20న ఎర్లిక్ మరణించాడు. 1897లో అదే ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూశాడు.

ఎర్లిక్ పోయాక కూడా నీలిరంగు కథ ఆగలేదు. మిథిలీన్ బ్లూ అణువులో ఉన్న మూడు వలయాల చట్రంతోనే 1950లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజైన్ తయారైంది. 1952 నుండి దాన్ని మానసిక రోగులకు వాడారు. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ రోగానికి కూడా ఈ రంగు నుండి చేసిన మందును వందలమందికి ఇచ్చి చూశారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆశించిన మేలు కనబడలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీలి చుక్కలు తాగితే మెదడు చురుకవుతుందని, చదివింది గుర్తుంటుందని ఈమధ్య సెల్‌ఫోన్లలో ప్రచారం జరుగుతోంది. పరీక్షల ముందు ఎవరికైనా ఆశ పుట్టవచ్చు. సైన్సు గదిలోని సీసా మందు కాదు, దయచేసి ఎవరూ నోట్లో వేసుకోవద్దు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో జి-6-పి-డి అనే ఎంజైము తక్కువ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల వాళ్లలో ఈ లోపం ఎక్కువ. అంటే మనలో కూడా ఉండవచ్చు. అలాంటివాళ్లు ఈ రంగు తీసుకుంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు, రక్తహీనత వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. మానసిక వ్యాధుల మందులు కొన్ని వాడేవాళ్లకూ ఇది ప్రమాదమే. కొన్ని విషాల వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేకపోతే, ఆసుపత్రిలో డాక్టర్లే లెక్క చూసి దీన్ని ఇంజెక్షనుగా ఇస్తారు.

ఎర్లిక్ జీవితం నుండి నేను నేర్చుకున్నది ఇది. ఆలోచన ఎంత మంచిదైనా పరీక్ష చేసి చూడాలి, తేలేదాకా నమ్మకూడదు. జ్ఞాపకశక్తికి మనకు తెలిసిన దారి రోజూ చదవడం, వేళకు తినడం, కంటినిండా నిద్రపోవడం. అందరూ అలాగే చేసి పరీక్షలు బాగా రాయాలని కోరుకుంటూ ముగిస్తున్నాను.