విలియం రాక్సుబర్గు దొరగారు

విద్యార్థులారా! మన మైలవరపు పొలముగట్లమీద మీరు దినదినమును త్రొక్కి నడచు చిన్నమొక్కలకును చరిత్రము కలదు. అట్టి మొక్కలను చిత్రింపించి లోకమునకు దెలిపిన యొక మహనీయుని జీవితమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

రాక్సుబర్గు 1751 వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1776 లో తూర్పు ఇండియా కంపెనీవారి సహాయవైద్యుడై చెన్నపట్టణము చేరెను. 1781 లో సామర్లకోటకు వచ్చి, అచట తోట వేసి మిరియము మొదలగువానిని పెంచెను. 1787 లో వచ్చిన ఉప్పెనవలన ఆయన గ్రంథములును కాగితములును నశించెను. ఐనను ఆయన ధైర్యము వీడక మరల మొదటినుండి పని ప్రారంభించెను. 1789 లో ప్యాట్రిక్ రస్సెలుగారి తరువాత కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను.

ఆయన నియమించిన చిత్రకారులు మన దేశస్థులే. వారు మొక్కను ఎదుట నుంచుకొని ఆకులను పువ్వులను నీటిరంగులతో చిత్రించి, పువ్వును విప్పి కేసరములను గింజలను క్రింద వేరుగా చూపెడివారు. దొరగారు మొక్కల తెనుగుపేర్లను విచారించి తెలిసికొని లాటిను పేర్లతోపాటు వ్రాసెను. ఇట్లు లండనునకు పంపిన 500 చిత్రములనుండి 300 ఎన్నుకొనబడి, రాగిరేకులపై చెక్కబడి, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథమిదియే. మన బందరు అద్దకపు బట్టలకు ఎరుపు నిచ్చిన చిరివేరు మొక్క ఇందు మొదటి సంపుటముననే కలదు.

ఉత్తర సర్కారులలో 1791, 1792 సంవత్సరములలో కరవు ప్రబలగా, కొబ్బరి, తాడి, పనస మొదలగు చెట్లను విరివిగా నాటింపవలెనని ఆయన ప్రభుత్వమునకు వ్రాసెను. పువ్వులను పరిశీలించిన కన్నులు ఆకలిగొన్నవారినిగూడ చూచెను.

1793 లో కలకత్తా తోటకు అధికారియై, 1813 వరకు పనిచేసి, అచట 2,500 కు పైగా చిత్రములు సమకూర్చెను. 1815 లో ఎడింబరోలో పరమపదించెను. ఆయన వ్రాసియుంచిన భారతదేశపు మొక్కల గ్రంథమును శ్రీరామపురపు మిషనరీయగు కేరీగారు 1820 మొదలుకొని ప్రచురించిరి.

ఆ మూడు సంపుటముల ముఖపత్రమున రాక్సుబర్గుగారి పేరు కలదు, ప్రచురణమును నడపిన బ్యాంక్సుగారి పేరు కలదు. చిత్రకారుల పేర్లు మాత్రము లేవు. అయినను వారు ఒక రేకునైనను తప్పుగా గీయరాదని శ్రమించినందుననే నేటికిని శాస్త్రజ్ఞులు ఆ చిత్రములను చూచి మొక్కలను గుర్తించుచున్నారు. పేరు నిలిచినను నిలువకున్నను పని సత్యమై యుండవలెను. మీరును ఈ సంవత్సరము ఒక్క మొక్కనైనను చక్కగా చూచి గీసి, దాని తెనుగుపేరును, దానిక్రింద మీ పేరును వ్రాయుడు.