మౌరో జూలియాని

పాశ్చాత్య సంగీతమున గిటారు వాద్యమునకు సభాగౌరవము నార్జించిన వారిలో మౌరో జూలియాని ముఖ్యుడు. ఆతని చరిత్రమును, ఆతని కృతులు నేడు తిరిగి పూర్వపు వాద్యములపై వినబడుటకు గల కారణమును మా చదువరులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

జూలియాని 1781వ సంవత్సరము జూలై 27వ తేదీన దక్షిణ ఇటలీయందు, ఏడ్రియాటిక్ సముద్రతీరమున నున్న బిషెల్యె పట్టణమున జన్మించెను. బాల్యమున చెల్లో యను పెద్ద ఫిడేలును గూడ నేర్చెను గాని, ఆతని మనస్సు గిటారునందే లగ్నమయ్యెను. ఆ కాలమున ఇటలీ ప్రజలకు సంగీతనాటకములయందే మక్కువ మెండు. కావున 1806లో ఆతడు స్వదేశమును విడిచి, ఆస్ట్రియా రాజధానియగు వియన్నాకు వెడలెను.

ఆ నగరవాసులకు గిటారుపై ప్రీతి కలదు గాని, దానిని పాటకు తోడుపడు చిన్న వాద్యముగనే పెక్కండ్రు తలచుచుండిరి. జూలియాని యీ తలంపును మార్ప బూనెను. 1808లో పెద్ద వాద్యబృందము నడుమ గిటారును ప్రధానముగ నిలిపి, తాను రచించిన కన్చెర్టోను వాయించి సభవారి మెప్పు గాంచెను. 1813 డిసెంబరు 8వ తేదీన, గాయపడిన సైనికుల సహాయార్థము జరిగిన సభలో బీథోవెన్ తన యేడవ సింఫనీని మొదటిసారి వినిపించెను. ఆ వాద్యబృందమున జూలియానియు నుండెను.

గిటారు, ఫ్లూటు కలిసి వాయించుటకై యాతడు రచించిన కృతులు పెక్కు. వానిలో 1817లో అచ్చుపడిన యెనుబదియైదవ కృతి ప్రసిద్ధము. అందు నాలుగు భాగములు గలవు. ఒకచో ఫ్లూటు రాగము నెత్తుకొనగా గిటారు తోడుపడును. మఱియొకచో గిటారు ముందునకు రాగా ఫ్లూటు వెనుకకు దగ్గును. ఏదియు రెండవదానికి దాసి గాదు.

ఇంతటి కీర్తి గడించినను ధనము నిలుపుకొనుట ఆతనికి సాధ్యపడలేదు. అప్పుల భారముచే 1819లో వియన్నాను విడువవలసివచ్చెను. ఆతని సొత్తు ఋణదాతల పాలయ్యెను. పిమ్మట రోమునందును నేపుల్సునందును నివసించి, 1829 మే 8వ తేదీన నేపుల్సులో మృతినొందెను. అప్పటి కాతని వయస్సు నలువదియేడేండ్లు మాత్రమే.

ఆతని మరణానంతరము వాద్యములే మారిపోయెను. జూలియాని కాలపు గిటారు నేటిదానికంటె చిన్నది. దాని మూడు తంతులు గొఱ్ఱెపేగుతోను, తక్కిన మూడు పట్టుదారముపై సన్నని లోహపుతీగ చుట్టియు చేయబడినవి. నాటి ఫ్లూటు కొయ్యది. దాని గొట్టము కొనవైపు పోనుపోను సన్నగిల్లును. మన పిల్లనగ్రోవివలె రంధ్రములను వ్రేళ్లతోనే మూయుదురు. కొన్ని స్వరములకు మాత్రము మీటలుండును. అందుచే కొన్ని స్వరములు తేటగను, కొన్ని మసకగను పలుకును.

మ్యూనిక్ నగరవాసియగు థియోబాల్డ్ బోహ్మ్ 1847లో సమమైన గొట్టమును పెద్ద రంధ్రములును గల లోహపు ఫ్లూటును నిర్మించెను. దానివలన స్వరములన్నియు సమానమై, ధ్వని హెచ్చెను. స్పెయిన్ దేశమున ఆంటోనియో దె టోరెస్ గిటారు దేహమును పెంచెను. 1940వ దశాబ్దమున పేగుతంతులకు బదులు నైలాను తీగలు వచ్చెను. ఇవి గొప్ప మేలులే. అయినను గిటారు ధ్వని లోహపు ఫ్లూటుకు సరితూగలేదు. జూలియాని సమానులుగ నిలిపిన యిరువురిలో ఒకరి గొంతు రెండవవారి గొంతును మ్రింగివేయునట్లాయెను.

అందువలననే యిరువదవ శతాబ్దపు ఉత్తరభాగమునుండి కొందఱు విద్వాంసులు పందొమ్మిదవ శతాబ్దపు వాద్యములనో, వాని మాదిరిగ చేసిన క్రొత్తవానినో చేపట్టుచున్నారు. ఈ పని సులభము గాదు. పేగుతంతులు చెమ్మకు శ్రుతి తప్పును; మాటిమాటికి సరిచేసికొనవలెను. కొయ్యఫ్లూటు పగులకుండ ఊదిన పిదప లోపలి తడిని తుడువవలెను. ఆధునిక ఫ్లూటునకు అలవడిన వ్రేళ్లు క్రొత్త విధమును మొదటినుండి నేర్వవలెను. ఇంత శ్రమ యేల యని కొందఱడుగుదురు. ఆ రెండు వాద్యములు ఒక చిన్న గదిలో కలిసి మ్రోగినపుడు గిటారు మీటిన ప్రతి స్వరమును విననగును. ఫ్లూటు వాదకుడు తన యూపిరిని బలిమిని అణచుకొన బనిలేదు. రచయిత కోరిన సమత తనంత తానే కుదురును. ఆ శ్రమకు ఫలమిదియే.

బాలబాలికలారా! పాతదంతయు మేలనియు, క్రొత్తదంతయు కీడనియు మేము చెప్పుట లేదు. బోహ్మ్ ఫ్లూటు పిమ్మటి రచయితల కెన్నో క్రొత్త త్రోవలు చూపెను. కాని యొక పెద్దవాని పనిని తూచుటకు ముందు, ఆతని చేతనున్న పనిముట్టు ఎట్టిదో తెలిసికొనుట న్యాయము. జూలియాని గిటారు చిన్నది, దాని గొంతు మెల్లనిది. దానికి తగిన తోడును, వినగల చెవులును దొరకినపుడు దాని గొప్పతనము నేటికిని వెల్లడియగుచున్నది.